తెల్లబడ్డ ఆయిల్

షెడ్డమ్మను కిందటి వారం తడి గచ్చు మీద మోకాళ్ళ మీద కూర్చోబెట్టి వెళ్ళిపోయాం. అలా వదిలేసినందుకు నన్ను తిట్టుకున్నవాళ్ళు ఉంటారని తెలుసు. ఇక లేపుదాం.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం ముందు సంగతి. బళ్ళు కడిగే షెడ్డు ఒకటుంది. దాన్ని నడిపేది ఆ ఇంటి కోడలు. వచ్చేపోయే డ్రైవర్లు ఆమెను షెడ్డమ్మ అని పిలుస్తారు. షెడ్డు ఉన్న స్థలం మామగారిది, జీవితమంతా బస్సు తోలి రిటైరైన పెద్దమనిషి. భర్త గిరాకీలు చూసుకుంటాడు. మిషన్లన్నీ చూసుకున్నది షెడ్డమ్మ తమ్ముడు. వానాకాలంలో ఓ పొద్దున, ఒత్తిడితో నీళ్ళు చిమ్మే వాషరు పంపు ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. కుళాయి తిప్పకుండా, నీళ్ళు లేకుండా మిషను నడిపి పంపు మాడ్చేశాడని అభాండం తమ్ముడి మీద పడింది. కాదని మొత్తుకున్నాడు. ఎవరూ వినలేదు. మామగారు అందరి ఎదుటా గేటు చూపించారు. ఆ మాట వీధిలోని వర్క్‌షాపులన్నిటికీ పాకింది. 'పంపు మాడ్చినోడు' అన్న పేరు పడ్డాక ఏ మేస్త్రీ అతని చేతికి పానా ఇస్తాడు? ఇప్పుడు గోడౌన్‌లో బస్తాలు దించుకుంటున్నాడు.

తర్వాత కొత్త పంపు వచ్చింది. దాని పక్కన చిన్న గాజు కన్ను ఉంటుంది, లోపలి ఆయిల్ ఎంతుందో చూసుకోవడానికి. తేనె రంగులో కనిపించాల్సిన ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా కనిపించేసరికి షెడ్డమ్మ మోకాళ్ళ మీద కూలబడింది. అక్కడ ఆగాం.

ఆమె ఎందుకు కూలబడిందో ఆలోచించండి. పాత పంపును ఊడదీసిన రోజు దాని మూత చుట్టూ ఇలాంటి తెల్లటి పిండే కనిపించింది. ఆ రోజు దాన్నెవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు తమ్ముడు షెడ్డులో లేడు. అయినా కొత్త పంపుకి అదే జబ్బు పట్టింది. అంటే జబ్బు తమ్ముడిది కాదు. ఇవాళ తాడో పేడో తేల్చుకోవాలని ఆమె అక్కడే అనుకుంది.

లేచి మిషను ప్లగ్గు పీకేసింది. గేటు దగ్గరికి నడిచి గొలుసు వేసింది. అప్పటికే ఓ లారీ గేటుకి ముక్కు ఆనించి ఉంది.

"ఏమ్మా, నీళ్ళు రావట్లేదా?" అన్నాడు డ్రైవరు.

"వస్తున్నాయి. నాకే వేరే పనుంది. మధ్యాహ్నం రండి."

"మధ్యాహ్నానికి ఈ బురద ఎండి రాయి అయిపోతుందమ్మా."

"అయితే అద్దం వరకు తుడుచుకుని వెళ్ళండి" అని వెనక్కి తిరిగింది. లారీ గొణుక్కుంటూ వెనక్కి పోయింది.

షెడ్డు వెనకే ఇల్లు. వంటింటి గుమ్మం దగ్గర అత్తగారు గిన్నెలు సర్దుతోంది.

"అత్తయ్యా, మూతలున్న గాజు సీసాలు రెండు కావాలి."

"దేనికీ?"

"ఆయిల్ పోయడానికి."

"నా పంచదార సీసాల్లోనా? మతి గానీ పోయిందా నీకు?"

"కొత్తవి కొనిస్తాను."

"కొనిస్తానన్నవన్నీ కొనిచ్చుంటే ఈపాటికి నా వంటిల్లు కొట్టు అయ్యేది" అంటూనే సీసాలు ఖాళీ చేసి ఇచ్చింది. అత్తగారి వరస అంతే, నోరు కాదంటుంటే చెయ్యి ఇచ్చేస్తుంటుంది.

మామగారు షెడ్డు అరుగు మీద కుర్చీలో ఉన్నారు. భర్త గేటు గొలుసు చూసి, "ఏమైంది? గిరాకీని ఎందుకు పంపించేశావు?" అంటూ వచ్చాడు. షెడ్డమ్మ అతన్ని దాటుకుని తిన్నగా మామగారి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"మామయ్యా, ఈ పంపులో ఆయిల్ ఎవరు పోస్తున్నారు?"

"నేనే. ఇంకెవరు పోస్తారు? మీ ఇద్దరికీ బళ్ళు కడగడమే గానీ, కడిగే మిషను కూడా ఓ బండేనని పట్టదు కదా. పొద్దున్నే ఆయిల్ చూడకుండా స్టీరింగ్ ముట్టుకున్న రోజు నా జీవితంలో లేదు."

"రోజూ పోస్తున్నారా?"

"తగ్గితే పోస్తాను. ఈ మధ్య రోజూ తగ్గుతోంది."

షెడ్డమ్మ అసలు ప్రశ్న ఇంకా అడగలేదు.

"పాత పంపుకి కూడా మీరే పోశారా?"

"దానికీ నేనే. మీ తమ్ముడు ఏదో చవకరకం పోసి పెట్టాడు, నీళ్ళలా పల్చగా. అదంతా తీసి పారబోసి మంచిది పోశాను."

"ఈ సంగతి మీరు ఎప్పుడూ చెప్పలేదే."

"నువ్వు ఎప్పుడూ అడగలేదే."

ఇదండీ వరస. పంపు పోయిన రోజు ఇంట్లో గొంతులు చించుకున్నవాళ్ళకి లోటు లేదు. పంపులో ఏం పోశారు అని అడిగిన పాపాన మాత్రం ఒక్కరూ పోలేదు. పెద్దాయన దాచిందేమీ లేదు. తాను చేసింది మంచిపని కాబట్టి దాన్ని తప్పుల సంతలోకి తేవాలని ఆయనకి తోచలేదు. మనుషుల్ని నిలదీయడానికి మనకున్న ఓపికలో పిసరంత వస్తువుల మీద పెడితే ఎన్ని కొంపలు నిలబడేవో.

పెద్దాయన లోపలికి వెళ్ళి తన బట్టల బీరువాలోంచి ఓ డబ్బా తెచ్చారు. బంగారు రంగు డబ్బా, దాని మీద ఎర్రకారు బొమ్మ. చొక్కాల మధ్య పెట్టుకున్న మనిషి దాన్ని ఎంత అపురూపంగా చూసుకుంటున్నాడో అర్థం కావాలి.

"చూడు. మా డిపోలో మేనేజరు సొంత కారుకి తప్ప ఇంకో బండికి పోయని ఆయిల్ ఇది. ఇది పోసిన ఇంజను లోపల కడిగిన కంచంలా ఉంటుంది."

"అదే మామయ్యా తంటా. అది కడుగుతుంది."

"కడిగితే మంచిదేగా?"

"బస్సుకి మంచిదే" అంది షెడ్డమ్మ. పాత పంపు మూత మీది తెల్లపిండి సంగతి మనసులో తొలుస్తుంటే, నిన్ననే ఆయిల్ కొట్టుకు వెళ్ళి, కొట్టాయన ప్రాణం తీసి మరీ అడిగి తెలుసుకుంది. అక్కడ కొన్న చిన్న డబ్బా కొంగుచాటున ఉంది. తీసి బంగారు డబ్బా పక్కన పెట్టింది. దాని మీద ఏ కారూ లేదు, పంపు ఆయిల్ అని మాత్రం రాసి ఉంది. "మీ ఆయిల్‌లో సబ్బులాంటి మందు కలుపుతారు. మురికిని కిందికి దిగనివ్వకుండా తనలోనే తేలుస్తూ మోసుకెళ్ళి ఫిల్టర్‌కి అప్పజెప్పడం దాని పని. బస్సుకి ఫిల్టర్ ఉంది. ఈ పంపుకి ఉందా?"

పెద్దాయన పంపు వైపు చూశారు. బండి సంగతి తెలిసిన మనిషి కాబట్టి అబద్ధం ఆడలేకపోయారు. "లేదు" అన్నారు. "లేకపోతే ఆయిల్ కాస్త తరచుగా మారుస్తాం. అంతేగా."

"మురికి వరకే అయితే అంతే. నీళ్ళ సంగతేంటి? ఈ పంపు పనే నీళ్ళతో. లోపల రబ్బరు సీలు కాస్త అరిగిందంటే చుక్కో రెండో ఆయిల్ వైపు దిగుతాయి. మామూలు పంపు ఆయిల్ అయితే ఆ నీళ్ళు అడుక్కి పోతాయి, కింద బోల్టు తిప్పి వదిలేయొచ్చు. మీ ఆయిల్ ఆ చుక్కని వదలదు. కలిపేసుకుంటుంది, నురగ కడుతుంది. నురగ పైమూత రంధ్రంలోంచి బయటికి పోతుంది. లోపల తగ్గుతుంది. తగ్గింది కదా అని మీరు మళ్ళీ పోస్తారు."

"పోయకపోతే ఎండిపోదూ?" అన్నారాయన. వాదించడానికి కాదు, నిజంగానే అడిగారు.

ఆ గొంతు విని షెడ్డమ్మకి జాలేసింది. జాలితో పాటు గోడౌన్‌లో తమ్ముడి భుజం మీద బస్తా కూడా గుర్తొచ్చింది. మెత్తబడితే ఇవాళ పని అవదు.

"నా మాట నమ్మక్కర్లేదు మామయ్యా. మీ కళ్ళతో మీరే చూడండి."

ఒక సీసాలో బంగారు డబ్బాది సగం పోసింది, రెండోదాంట్లో పంపు ఆయిల్ సగం. రెండింటిలోనూ చెంచాడు నీళ్ళు వేసింది. మూతలు బిగించి, చెరో చేత్తో పట్టుకుని, చేతులు నొప్పెట్టేదాకా గిలక్కొట్టింది. ఎండ పడుతున్న గట్టు మీద పక్కపక్కనే పెట్టింది.

రెండూ తెల్లగా ఉన్నాయి.

పెద్దాయన వంగి చూశారు, వెనక్కి వాలారు. నవ్వొచ్చింది ఆయనకి. "ఏమ్మా, నీ ఆయిల్ కూడా తెల్లబడిందే."

"ఆగండి మామయ్యా."

"ఇంకేం ఆగడం" అన్నాడు భర్త. "చూశావుగా, రెండూ ఒకటే. నాలుగు బళ్ళు గేటు దాకా వచ్చి తిరిగిపోయాయి. ఇక ఆటలు చాలు, సీసాలు అమ్మకిచ్చెయ్." అంటూ గట్టు మీదికి చెయ్యి చాపాడు.

"ముట్టుకోకండి" అంది షెడ్డమ్మ.

పెళ్ళయిన ఇన్నాళ్ళలో ఆమె అతనితో అలా మాట్లాడలేదు. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె స్టూలు లాక్కుని గట్టుకి అడ్డంగా కూర్చుంది. ఇక ఆ సీసాల దగ్గరికి వెళ్ళాలంటే ఆమెను దాటి వెళ్ళాలి.

ఎదురుచూడటం మొదలైంది. చిత్రం ఏమిటంటే, ఆ ఇంట్లో నలుగురూ ఒకే చోట కూర్చుని ఒకే వస్తువును చూడటం ఈ కథలో ఇదే మొదటిసారి. అత్తగారు టీ తెచ్చింది. సీసాల వైపు చూసి, "వీటికీ పోయనా?" అంది. ఎవరూ నవ్వలేదు. పెద్దాయన గ్లాసు అంచు మీంచి కళ్ళు తిప్పకుండా చూస్తున్నారు. భర్త టీ ముట్టలేదు. గేటు దాకా వెళ్ళడం, రావడం, కాలు గాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. గిరాకీ పోతోందన్న బాధ అనుకుంది షెడ్డమ్మ.

ముందు చూసింది అత్తగారే. పప్పులో రాయిని ఏరే కళ్ళు అవి.

"ఇదిగో, ఈ సీసా అడుగున గీత కనబడుతోందేంటి?"

పంపు ఆయిల్ సీసా అడుగున సన్నటి గీత. గీత కింద నీళ్ళు. ముందు మసకగా ఉన్నాయి, చూస్తుండగానే తేటపడ్డాయి. పైన ఆయిల్ మెల్లగా తన రంగులోకి వస్తోంది. రెండో సీసా మాత్రం ఇంకా తెల్లగానే ఉంది.

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. లేచి వచ్చి తన సీసాను ఎండకెత్తి ఇటు తిప్పారు, అటు తిప్పారు. కొంచెం కూడా విడలేదు. జాగ్రత్తగా కింద పెట్టారు.

"నీ ఆయిల్ చెడ్డదనడం లేదు మామయ్యా" అంది షెడ్డమ్మ, కంగారులో 'మీరు' కూడా మరిచిపోయి. "దాని చోటు ఇది కాదంటున్నాను."

"అర్థమైంది" అన్నారాయన. "పంపుకి ఇది పనికిరాదు, ఒప్పుకుంటున్నా. కానీ పాత పంపు దీనివల్లే పోయిందని ఎలా చెప్తావు? మీ తమ్ముడు నీళ్ళు లేకుండా నడపలేదని ఎలా చెప్తావు? రెండూ జరిగుండొచ్చుగా."

ఆ ప్రశ్న న్యాయమైనదే. షెడ్డమ్మ కూడా రాత్రంతా దాని గురించే ఆలోచించింది. షెడ్డు మూల గోనెపట్టా కింద పాత పంపు ఉంది. ఇనుము కొట్టుకి వేసేద్దామని భర్త అన్న ప్రతిసారీ, చూద్దాం చూద్దాం అని ఆపుతూ వచ్చింది. దాన్ని రెండు చేతులా లాక్కొచ్చి అరుగు మీద పెట్టింది. తమ్ముడు వదిలేసి వెళ్ళిన పానాల పెట్టె తెరిచింది.

"అదెందుకు ఇప్పుడు?" అన్నాడు భర్త. "పోయినదాన్ని తవ్వితే ఏమొస్తుంది?"

"అబ్బాయ్, నువ్వు కాసేపు ఊరుకో" అన్నారు పెద్దాయన.

బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. మొదటిది కదల్లేదు. షెడ్డమ్మ పానా మీద బరువంతా వేసింది. అరచెయ్యి కందింది గానీ బోల్టు కిర్రుమని తిరిగింది. తక్కినవి దాని దారినే వచ్చాయి. నీళ్ళవైపు దిమ్మె ఊడింది.

"నీళ్ళు లేకుండా పంపు తిప్పితే ముందు ఏది మాడుతుంది మామయ్యా?"

"రబ్బరు" అన్నారు వెంటనే. "నల్లగా మాడి పెళుసైపోతుంది."

ఆమె రబ్బరు సీళ్ళు ఒక్కొక్కటీ బయటికి తీసి ఆయన అరచేతిలో పెట్టింది. పెద్దాయన గోరుతో నొక్కి చూశారు. వేళ్ళ మధ్య వంచి చూశారు. అంచులు కాస్త అరిగాయి. అంతే, మెత్తగా ఉన్నాయి, ఎక్కడా మాడలేదు.

"రెండోవైపు తియ్యి" అన్నారు.

ఆయిల్ వైపు మూత తీసింది. లోపల గోడలకి తెల్లటి పిండి ఎండి అట్టలు కట్టి ఉంది. పెద్దాయన తన వేలు పెట్టి గీరారు. బేరింగు మీద తుప్పు ఎర్రగా లేచింది. తిప్పబోతే కదల్లేదు. ఆయిల్‌లో నీళ్ళు కలిసి కలిసి, చివరికి ఆయిల్ అన్న పేరే తప్ప జిడ్డు మిగల్లేదు. ఇనుము ఇనుముతో ఒరుసుకుని పంపు చచ్చింది.

పెద్దాయన వేలి మీది తెల్లపిండిని చూసుకున్నారు. రోడ్డు మధ్యలో ఒక్క రోజు కూడా బండి ఆపని మనిషి. మంచి చేస్తున్నానని రోజూ పొద్దున్నే చేజేతులా విషం పోశారు. అది కూడా ఆయన్ని అంత బాధపెట్టలేదు. గేటు వైపు తాను చాపిన చెయ్యి గుర్తొచ్చింది, అది బాధపెట్టింది.

"ఇస్త్రీ చొక్కా ఇవ్వు" అన్నారు భార్యతో.

"ఎక్కడికీ?"

"గోడౌన్‌కి. ఆ అబ్బాయిని తీసుకురావాలి."

"ఫోన్ చేస్తే రాడా?"

"ఫోన్‌లో తిట్టానా? నలుగురిలో నిలబెట్టి తిట్టాను. నలుగురిలోనే చెప్పాలి."

షెడ్డమ్మ కళ్ళు నిండాయి. ఇన్ని నెలలుగా ఆమె ఈ ఒక్క మాట కోసమే బతికింది. కొంగుతో మొహం తుడుచుకుంటుంటే ఆయిల్ అంటుకుని బుగ్గ మీద చారికైంది. ఎవరూ చెప్పలేదు, ఆమె చూసుకోలేదు.

"ఇప్పుడెందుకు నాన్నా" అన్నాడు భర్త. "పనివేళ. వాళ్ళ సూపర్‌వైజరు ఊరుకోడు. సాయంత్రం నేను వెళ్ళి మాట్లాడి తీసుకొస్తా."

"నువ్వు వ్యాను తియ్యి" అన్నారు పెద్దాయన, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

దారిలో పెద్దాయన ముందు సీటులో నిటారుగా కూర్చున్నారు. షెడ్డమ్మ వెనక కూర్చుని, తమ్ముడి గదిలో పరుపు దులపాలి, పానాల పెట్టెకి కొత్త తాళం కొనాలి అని లెక్కలు వేసుకుంటోంది. మనిషికి సంతోషం వచ్చినప్పుడు మొదట తట్టేవి ఇలాంటి పనులే.

గోడౌన్ ముందు రెండు లారీలు దించుతున్నారు. కాటా పక్కన సూపర్‌వైజరు, గోడ నీడలో ఎదుటి వర్క్‌షాపు మేస్త్రీ, బస్తాల వరసలో పదిమంది కూలీలు. వాళ్ళలో తమ్ముడు, తలకి తుండు చుట్టుకుని, భుజం మీద బస్తాతో. మనిషి సగమయ్యాడు. భర్త గేటు బయటే వ్యాను ఆపి, "మీరు వెళ్ళిరండి, ఇక్కడ బండి అడ్డమవుతుంది" అని స్టీరింగ్ ముందే ఉండిపోయాడు.

పెద్దాయన తిన్నగా కాటా దగ్గరికి నడిచారు. గొంతు పెంచారు. బస్సులో వెనక సీటు దాకా వినిపించడానికి అలవాటైన గొంతు.

"బాబూ, అందరూ ఓ మాట వినండి. ఈ అబ్బాయి మా షెడ్డులో పంపు మాడ్చాడని మీరంతా విన్నారు. అది చెప్పింది నేనే. ఆ పంపు పాడుచేసింది ఇతను కాదు. తప్పుడు ఆయిల్ పోసి నేను పాడుచేశాను. ఇతను పోసిన సరైన ఆయిల్ పారబోసి మరీ నాది పోశాను." వర్క్‌షాపు మేస్త్రీ వైపు తిరిగారు. "నీకు కూడా చెప్తున్నానయ్యా. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు."

కూలీలు నిలబడిపోయారు. మేస్త్రీ తలూపాడు. తమ్ముడు బస్తాను కాటా మీద దించి, తుండుతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు. షెడ్డమ్మ అతని మొహం వైపే చూస్తోంది. ఏడుస్తాడనుకుంది, లేదా కోప్పడతాడనుకుంది. అతను మాత్రం పాత వార్త విన్నవాడిలా నిలబడ్డాడు.

"నాకు తెలుసు మామయ్యగారూ" అన్నాడు.

"ఏం తెలుసు?"

"మీరు ఆయిల్ మార్చారని. గాజు కన్నులో రంగు చూస్తే తెలిసింది."

"తెలిస్తే ఆ రోజే నా మొహాన చెప్పొద్దూ? అంతమందిలో నేను అన్నన్ని మాటలంటుంటే నేను కాదన్నావే గానీ ఆయిల్ ఊసెత్తకుండా బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావేంరా?"

"చెప్పాను."

"ఎవరికి?" అంది షెడ్డమ్మ. "నాతో ఒక్క మాట కూడా అనలేదు నువ్వు."

తమ్ముడు అక్క మొహం చూశాడు. బుగ్గ మీది నల్లచారిక తుండు కొసతో తుడిచాడు. చెప్పాలా వద్దా అని ఇంకా తూచుకుంటున్నట్టే ఉంది.

"నీ ఇల్లు కదా అక్కా అని నోరు మూసుకున్నా. నా పని పోతే పోయింది, నీ సంసారంలో నిప్పులు పోయడమెందుకని."

"ఇవాళ గేటుకి గొలుసేసి వచ్చానురా. చెప్పు."

"పంపు బిగుసుకుపోకముందే చెప్పా. ఆయిల్ తెల్లబడుతోంది, మామయ్యగారిని పోయొద్దనండి, లేకపోతే నేనే చెప్తానని. 'నాన్నకి నేను చెప్తాలే, నువ్వు ఆయన దగ్గర నోరెత్తకు, మనసు కష్టపెట్టుకుంటారు' అన్నాడు బావ. సరేనన్నా." తమ్ముడు గేటు బయట వ్యాను వైపు చూశాడు. "పంపు పోయిన పొద్దున, నీళ్ళు లేకుండా తిప్పాడని మొదట అన్నది ఎవరో గుర్తు తెచ్చుకో. మామయ్యగారు కాదు. ఆయన తర్వాత వచ్చారు."

షెడ్డమ్మ గుర్తు తెచ్చుకుంది. ఆ రోజు పడ్డ కేకలన్నిటి కిందా పూడిపోయిన ఒక్క గొంతు, అన్నిటికంటే ముందు మామూలుగా మాట్లాడిన గొంతు, ఇప్పుడు వినిపించింది.

పెద్దాయన కాటా అంచు పట్టుకున్నారు. "వాడికి ముందే తెలుసా?" అన్నారు, ఎవరితోనో తెలియకుండా.

గేటు బయట వ్యాను స్టార్టయింది.

ముగ్గురూ అటు తిరిగారు. తమ్ముడు పరుగెత్తబోతే షెడ్డమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. తనే వెళ్ళింది. పరుగెత్తలేదు. బస్తాల మధ్య నుంచి, గేటు దాటి, వ్యాను ఎదురుగా వెళ్ళి నిలబడి రెండు చేతులూ బానెట్ మీద ఆనించింది. లోపల ఇంజను అదురు అరచేతులకి తెలుస్తోంది. అద్దం వెనక భర్త మొహం పాలిపోయి ఉంది. గేరు మీద చెయ్యి ఉంది.

"దిగండి" అంది. "నా తమ్ముడి పేరు ఎందుకు చెడగొట్టారో అక్కడ, ఆ కాటా దగ్గర నిలబడి చెప్పండి. మీ నాన్నగారు చెప్పగలిగారు. మీరూ చెప్పగలరు."

అతను చూపు తిప్పుకుని పక్క అద్దంలో వెనక రోడ్డు చూశాడు. రోడ్డు ఖాళీగా ఉంది. షెడ్డమ్మ చేతులు తీయలేదు, కాలు కదపలేదు.

కాసేపటికి ఇంజను ఆగింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. అది తెరిపించే పని వచ్చే వారానిది.